చిన్న వినోద మోటారు పడవల తయారీ: అచ్చు నుంచి అమ్మకం దాకా ఖర్చు, ధర, లాభం లెక్కకట్టే విధానం

మన తీరంలో ఫైబర్ పని తెలిసిన చేతులకు కొదవ లేదు. 1980లలో బే ఆఫ్ బెంగాల్ ప్రోగ్రామ్ అనే అంతర్జాతీయ మత్స్య పథకం తీరపు అలలను దాటి ఒడ్డెక్కగల చేపల పడవల నమూనాలను ఆంధ్ర తీరంలో ప్రవేశపెట్టింది. అప్పటి నుంచి కర్రతెప్పల స్థానాన్ని ఫైబర్ బోట్లు క్రమంగా ఆక్రమించాయి. చేపల బోటు చేయగలిగిన షెడ్డుకు ఐదు మీటర్ల వినోద పడవ చేయడం అసాధ్యమేమీ కాదు. అసలు చిక్కు దాన్ని నష్టం రాకుండా అమ్మడంలో ఉంది. ఈ మార్గదర్శిలో ఐదు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు, ఆరుగురు కూర్చునే వీలు, వెనుక పలకకు బయట బిగించే అవుట్‌బోర్డ్ ఇంజన్ ఉన్న ఒక పైకప్పు లేని పడవను ఉదాహరణగా తీసుకుని, లెక్క మొదటి నుంచి చివరి దాకా ఎలా కట్టాలో వివరిస్తాను.

ఇందులోని సరుకు పరిమాణాలు పడవకు వేసే ఫైబర్ పొరల లెక్క నుంచి వచ్చినవి. రూపాయల అంకెలు మాత్రం విధానాన్ని చూపడానికి నేను వేసుకున్నవి కనుక, మీ ఊరి డీలరు ఇచ్చే కొటేషన్లు చేతిలో పెట్టుకుని వాటిని మార్చుకోవాలి.

మొదటి మెట్టు: కొనేది ఎవరు, వారికి ఎంత వేగం కావాలి

తెలుగు రాష్ట్రాల్లో సొంత సరదా కోసం మోటారు పడవ కొనేవారు చాలా తక్కువ. భవానీ ద్వీపం, రుషికొండ, దిండి, నాగార్జునసాగర్, హుస్సేన్ సాగర్ వంటి చోట్ల పర్యాటకులను తిప్పే సంస్థలు, నీటి ఒడ్డు రిసార్టులు, బోటింగ్ కాంట్రాక్టు పాడుకున్నవారు మీ అసలు కొనుగోలుదారులు. వారు పడవను అందం చూసి కొనరు. టికెట్ల మీద ఎన్నాళ్లలో పెట్టుబడి తిరిగి వస్తుందో చూసి కొంటారు. అందువల్ల వారి లెక్కను వారికన్నా ముందు మీరే కట్టాలి.

ఆ లెక్కలో అన్నిటికన్నా బరువైన అంశం వేగం. నీటిని చీల్చుకుంటూ వెళ్లే మామూలు పడవ గరిష్ఠ వేగం దాని పొడవు మీద ఆధారపడి ఉంటుంది. నీటి గీత దగ్గర పొడవును అడుగుల్లో తీసుకుని, దాని వర్గమూలాన్ని 1.34తో గుణిస్తే ఆ వేగం నాట్లలో వస్తుంది. మన ఉదాహరణ పడవకు నీటి గీత దగ్గర 15 అడుగులు అనుకుంటే 5.2 నాట్లు, అంటే గంటకు 9.6 కిలోమీటర్లు. ఈ వేగానికి 8 నుంచి 10 హార్స్‌పవర్ ఇంజన్ ధారాళంగా సరిపోతుంది. ఇంతకు మించిన వేగం కావాలంటే పడవ నీటి మీదికి లేచి జారేలా అడుగు భాగాన్ని మలచాలి, శక్తినీ అనేక రెట్లు పెంచాలి. ఆరుగురితో కలిపి సుమారు 950 కిలోలు తూగే ఈ పడవను గంటకు 30 కిలోమీటర్ల పైచిలుకు వేగంతో నడపాలంటే 40 హార్స్‌పవర్ కావాలి.

40 హార్స్‌పవర్ ఫోర్‌స్ట్రోక్ ఇంజన్ పూర్తి వేగంలో గంటకు 13 నుంచి 15 లీటర్ల పెట్రోలు తాగుతుంది. చిన్న ఇంజన్‌కు మూడు లీటర్ల లోపే సరిపోతుంది. గంటకు 11 లీటర్ల తేడా అనుకుని, రోజుకు నాలుగు గంటల చొప్పున నెలకు 25 రోజులు పూర్తి వేగంలో నడిపితే 1,100 లీటర్ల తేడా వస్తుంది. చెరువు చుట్టూ నింపాదిగా తిప్పే వ్యాపారానికి వేగపు పడవను అంటగట్టితే ఆ కొనుగోలుదారు మళ్లీ మీ గడప తొక్కడు. వేగం నిజంగా అమ్ముడుపోయే చోట, అంటే రుషికొండ వంటి సముద్రతీరాల్లో, పెద్ద జలాశయాల్లో మాత్రమే 40 హార్స్‌పవర్ పడవను ప్రతిపాదించండి. ఇక్కడి నుంచి లెక్క ఆ పడవకే కడదాం, ఎందుకంటే డబ్బు ఎక్కువ చిక్కుకునేది అందులోనే.

రెండో మెట్టు: డ్రాయింగుకు ముందే పన్ను, అనుమతి

పన్ను కోసం సరుకులను వర్గీకరించే జాబితాలో, వినోదానికి, క్రీడలకు వాడే పడవలు 8903 శీర్షిక కిందికి వస్తాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి వాటి మీద జీఎస్‌టీ 40 శాతం. ప్రయాణికులను చేరవేసే పడవలు 8901 కింద, చేపల పడవలు 8902 కింద 5 శాతంలోనే ఉన్నాయి. ఒకే షెడ్డులో, ఒకే రెజిన్‌తో (గాజు నారను అతికించి గట్టిపడే జిగురు) చేసిన రెండు పడవల మధ్య 35 శాతం తేడా ఉందన్నమాట. పడవ ఏ శీర్షికలోకి వస్తుందన్నది దాని రూపకల్పన, ముఖ్య ప్రయోజనం చూసి తేలుతుంది. బిల్లు మీద మనకు నచ్చిన పేరు రాసుకుంటే తేలదు. మొదటి పడవ అమ్మకముందే పన్ను నిపుణుడి దగ్గర రాతపూర్వకంగా అభిప్రాయం తీసుకోవాలి, అనుమానం మిగిలితే అడ్వాన్స్ రూలింగ్‌కు, అంటే పన్ను అధికారుల నుంచి ముందస్తు నిర్ణయానికి, వెళ్లాలి. తరువాత వచ్చే తేడా పన్ను, వడ్డీ, జరిమానా కలిస్తే ఏడాది లాభం తుడిచిపెట్టుకుపోతుంది.

నదులు, జలాశయాల్లో నడిచే యాంత్రిక పడవలకు 2021 నాటి ఇన్‌లాండ్ వెసెల్స్ చట్టం వర్తిస్తుంది. 1917 నాటి పాత చట్టం స్థానంలో వచ్చిన ఈ చట్టం ప్రకారం సర్వే, రిజిస్ట్రేషన్ ఉండాలి. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగి పదుల మంది ప్రాణాలు పోయిన తరువాత, కాగితాలు లేని పడవను కొనే సాహసం బాధ్యత గల సంస్థ ఏదీ చేయదు, చేయకూడదు కూడా. ప్రభుత్వ టెండర్లు తరచుగా ఓడల ప్రమాణాలను పరీక్షించి ధ్రువీకరించే ఇండియన్ రిజిస్టర్ ఆఫ్ షిప్పింగ్ ఆమోదించిన డిజైన్ అడుగుతాయి. నేవల్ ఆర్కిటెక్టు ఫీజు, డిజైన్ ఆమోదం, స్థిరత్వ పరీక్షల ఖర్చును అచ్చు ఖర్చులో భాగంగా రాసుకోండి. వేరొకరి పడవ మీద మ్యాట్ (గాజు నార చాప) పరిచి అచ్చు తీసే అలవాటు కొన్ని చోట్ల ఉంది. అది డిజైన్ చట్టం కింద తగాదా తెస్తుంది, పైగా ఆ పడవలోని లోపాలన్నీ మీ అచ్చులోకి వస్తాయి, ఆమోదానికి కావలసిన లెక్కలూ మీ దగ్గర ఉండవు.

మూడో మెట్టు: ప్లగ్, అచ్చు

ముందు పడవ ఆకారంలో ప్లైవుడ్‌తో, పుట్టీతో ఒక ప్లగ్ చేస్తారు. దాని మీద ఫైబర్ పరిచి అచ్చు తీస్తారు. ఆ అచ్చులో నుంచి పడవలు వస్తాయి. ప్లగ్ మీద ఉన్న ప్రతి లోపమూ అచ్చులోకి, అక్కడి నుంచి ప్రతి పడవలోకి దిగుతుంది. కనుక డబ్బు ఆదా చేయకూడని మొదటి చోటు ఇదే. చీకటి పడ్డాక ప్లగ్ పక్కన ఒక ట్యూబ్‌లైట్‌ను పొడవునా పట్టుకుని, నున్నటి ఉపరితలంలో కనిపించే దాని ప్రతిబింబాన్ని ముందు కొస నుంచి వెనుక దాకా నెమ్మదిగా జరుపుతూ చూడాలి. ఆ వెలుగు గీత ఎక్కడ వణికిందో అక్కడ పల్లమో గుబ్బో ఉన్నట్టు. అక్కడ పెన్సిల్‌తో సున్నా చుట్టి, పుట్టీ వేసి, మళ్లీ ఉప్పుకాగితంతో రుద్దాలి. గీత ఎక్కడా వణకని రోజు వచ్చేదాకా అచ్చు పని మొదలుపెట్టకూడదు.

అచ్చు మందం పడవ మందానికి దాదాపు రెండింతలు ఉండాలి. పొరలన్నీ ఒకేసారి వేస్తే రెజిన్ గట్టిపడేటప్పుడు పుట్టే వేడికి అచ్చు వంకర పోతుంది. రోజుకు ఒకటి రెండు పొరలకు మించి వేయకుండా, చివరగా బయట ఇనుప చట్రం కట్టాలి. డిజైన్, ఆమోదం ఖర్చుతో సహా ప్లగ్‌కు 4 లక్షలు, హల్ (పడవ ఒళ్లు) అచ్చుకు 3 లక్షలు, డెక్ (పై భాగం) అచ్చుకు 2 లక్షలు చొప్పున మొత్తం 9 లక్షల రూపాయలు వేసుకుందాం.

బాగా మైనం పట్టించి కాపాడుకున్న అచ్చు నుంచి వంద దాకా పడవలు తీయవచ్చని చెప్పి, 9 లక్షలను వందతో భాగించి పడవకు 9,000 రూపాయలే అని రాసుకునేవారు ఉన్నారు. ఇది ప్రమాదకరమైన లెక్క. అచ్చు ఎన్ని పడవలు ఇవ్వగలదన్నది ముఖ్యం కాదు, మూడేళ్లలో మీరు ఎన్ని అమ్మగలరన్నది ముఖ్యం. ఏడాదికి పది చొప్పున ముప్పై అనుకుంటే పడవకు 30,000 రూపాయలు పడుతుంది. ఆ అంకెనే వాడండి.

నాలుగో మెట్టు: సరుకు లెక్క

హల్ ఉపరితలం సుమారు 14 చదరపు మీటర్లు. బయటి నున్నటి పూత అయిన జెల్‌కోట్ తరువాత, చదరపు మీటరుకు 300 గ్రాములు తూగే మ్యాట్ ఒక పొర, 450 గ్రాముల మ్యాట్ మూడు పొరలు, వాటి మధ్య 600 గ్రాముల రోవింగ్ (నేసిన గాజు నార) రెండు పొరలు వేస్తే చదరపు మీటరుకు 2.85 కిలోల గ్లాసు, అంటే గాజు నార, పడుతుంది. చేత్తో వేసే పనిలో మ్యాట్ తన బరువుకు 2.3 రెట్ల రెజిన్‌ను, రోవింగ్ దాదాపు తన బరువంత రెజిన్‌ను తాగుతాయి. ఆ లెక్కన చదరపు మీటరుకు 5.1 కిలోల రెజిన్ కావాలి. అంటే హల్‌కు 40 కిలోల గ్లాసు, 71 కిలోల రెజిన్. డెక్‌కు 12 కిలోల గ్లాసు, 28 కిలోల రెజిన్. లోపలి దూలాలకు, ఇంజన్ బిగించే వెనుక పలకకు 10 కిలోల గ్లాసు, 20 కిలోల రెజిన్ వేయండి. పది శాతం వృథా కలిపితే 68 కిలోల గ్లాసు, 131 కిలోల రెజిన్, 15 కిలోల జెల్‌కోట్ తేలుతాయి.

రెజిన్ కిలో 180, గ్లాసు 130, జెల్‌కోట్ 300 రూపాయలుగా వేస్తే వరుసగా 23,580, 8,840, 4,500 రూపాయలు. రెజిన్‌ను గట్టిపరిచే క్యాటలిస్ట్, ఆ పనిని వేగవంతం చేసే కోబాల్ట్, మైనం, రోలర్లు, అసిటోన్‌కు 5,000, మెరైన్ ప్లైకి, ఫోమ్‌కు 20,000 కలిపితే మొత్తం 62,000 రూపాయల లోపే. ఈ అంకెను బాగా గుర్తుపెట్టుకోండి. దాదాపు 13 లక్షలకు చేతులు మారే వస్తువులో ఒంటికి పడే సరుకు ఇంతే. ఒక పొర మ్యాట్ తగ్గిస్తే పడవ మీద మిగిలేది నాలుగైదు వేల రూపాయలు. ఆ పొర లేక అడుగు పగిలితే పోయేది మీ పేరు, ఇంకా ఘోరంగా జరిగితే మనుషుల ప్రాణాలు. సరుకులో పిసినారితనం చేసి బాగుపడ్డ షెడ్డును నేను చూడలేదు.

మునిగినా తేలేలా పెట్టే ఫోమ్ విషయం కూడా ఇలాంటిదే. ఘనమీటరుకు 32 కిలోల సాంద్రత ఉన్న ఫోమ్ ఒక ఘనమీటరు ఉంటే అది నీటిలో 968 కిలోల బరువును నిలబెడుతుంది. నీళ్లు నిండిన మన పడవను, దాన్ని పట్టుకుని ఉన్న ఆరుగురిని తేల్చడానికి 0.3 ఘనమీటరు దాకా కావాలి. భద్రత కోసం 0.4 పెడితే 13 కిలోల ఫోమ్. ఖర్చు కొన్ని వేలు మాత్రమే. దాన్ని అడుగున ఒకేచోట కుక్కకుండా, పడవ బోల్తా పడకుండా నిటారుగా తేలేలా రెండు పక్కల అంచుల కింద పంచాలి.

ప్రతి పొరకూ కలిపిన రెజిన్ బకెట్‌ను తూకం వేసి రిజిస్టరులో రాయించండి. అచ్చు నుంచి తీసిన హల్‌ను కూడా తూచండి. బరువు లెక్కకన్నా ఎక్కువ వస్తే పనివాడు రెజిన్ ఎక్కువ పోశాడని, తక్కువ వస్తే పొర తప్పిందని తెలుస్తుంది. హల్ బరువు పెరిగితే సరుకు ఖర్చుతో ఆగదు. అదే ఇంజన్‌తో వేగం తగ్గి, ఒప్పుకున్న వేగం రాలేదని కొనుగోలుదారు డబ్బు ఆపుతాడు.

క్యాటలిస్ట్‌ను, కోబాల్ట్‌ను నేరుగా కలపనివ్వకండి, అది పేలుతుంది. కోబాల్ట్‌ను ముందు రెజిన్‌లో పూర్తిగా కలిపిన తరువాతే క్యాటలిస్ట్ వేయాలి. రెజిన్ నుంచి వచ్చే స్టైరీన్ ఆవిరికి తగిన మాస్కులు, కళ్లద్దాలు, గాలి ఆడే షెడ్డు, అగ్నిమాపక సామగ్రి స్థిర ఖర్చులో మొదటి వరుసలో ఉండాలి.

ఐదో మెట్టు: పనిగంటలు, రుతువు

పని అలవాటైన జట్టుకు ఈ పడవకు 220 పనిగంటలు వేసుకోవచ్చు. జీతం, సెలవులు, పీఎఫ్ అన్నీ కలిపి గంటకు 150 రూపాయలైతే 33,000. మొదటి పడవకు దాదాపు రెట్టింపు గంటలు పడతాయి. మూడు నాలుగు పడవల తరువాతే ఈ అంకెకు దిగుతుంది. ధరను మొదటి పడవ గంటల మీద కట్టకండి, కానీ మొదటి పడవల అదనపు ఖర్చును పెట్టుబడిలో చూపండి.

మన వాతావరణంలో ఇంకో లెక్క కూడా ఉంది. వానాకాలంలో తేమకు మ్యాట్ చెమ్మగిల్లుతుంది, అచ్చు మీద పూసే ద్రవం ఆరదు, పొరలు సరిగా అతుక్కోవు. గోదావరికి వరద వచ్చే జూలై నుంచి సెప్టెంబరు దాకా బోటింగ్ ఆగిపోతుంది కనుక కొనుగోలుదారులు కూడా కదలరు. దసరా దాటి కార్తిక మాసం వచ్చేసరికి అందరికీ ఒకేసారి పడవలు కావాలి. కనుక ఫైబర్ పనిని ఫిబ్రవరి నుంచి జూన్ లోపు ముగించి, వానల్లో వైరింగ్, సీట్లు, ఫిట్టింగులు చేసుకునేలా ఏడాదిని పంచుకోవాలి. మండు వేసవిలో క్యాటలిస్ట్ శాతం తగ్గించి, తెల్లవారుజామున పొరలు వేయించడం మంచిది. రెజిన్‌కు కొన్ని నెలల ఆయుష్షే ఉంటుంది, ఎండకు అది ఇంకా తగ్గుతుంది. చవకగా దొరికిందని డ్రమ్ములు నిల్వ చేయకండి.

ఆరో మెట్టు: ధర, సమతుల్య బిందువు (ఎన్ని పడవలు అమ్మితే ఖర్చంతా తిరిగి వస్తుంది)

ఇప్పుడు ఇంజన్ లేకుండా ఒక పడవ మీద నేరుగా పడే ఖర్చు చూద్దాం.

- ఫైబర్ సరుకు, ప్లై, ఫోమ్: 62,000
- పనిగంటలు: 33,000
- స్టీరింగ్, కన్సోల్ (స్టీరింగ్ బిగించే గట్టు), ట్యాంకు, పంపు, దీపాలు, బ్యాటరీ, రెయిలింగ్, సీట్లు: 1,50,000
- రవాణా, వారంటీ కేటాయింపు: 15,000

మొత్తం 2,60,000 రూపాయలు. పన్నుకు ముందు అమ్మకం ధర 4,40,000 అనుకుంటే పడవకు 1,80,000 మిగులుతుంది. షెడ్డు అద్దె, సూపర్‌వైజర్, కరెంటు, బీమా, ఆఫీసు కలిపి నెలకు 1,20,000 చొప్పున ఏడాదికి 14,40,000 స్థిర ఖర్చు. అచ్చు వాటా ఏడాదికి 3,00,000. మొత్తం 17,40,000ను 1,80,000తో భాగిస్తే 9.67. అంటే పదో పడవ అమ్ముడయ్యేదాకా మీ చేతికి రూపాయి రాదు.

ఈ ఒక్క అంకె ఎంత సులభంగా కదులుతుందో చూడండి. డీలరుకు 12 శాతం కమిషన్ ఇస్తే పడవకు 52,800 పోయి మిగులు 1,27,200కు దిగుతుంది, పది కాస్తా పద్నాలుగు అవుతుంది. 4,50,000 రూపాయల ఇంజన్‌ను మీరే కొని 8 శాతం మార్జిన్‌తో బిగించి ఇస్తే 36,000 చేరి, తొమ్మిది పడవలకే ఖర్చు వస్తుంది. సరుకులో పది శాతం ఆదా చేస్తే మాత్రం మిగులు 6,200 పెరుగుతుంది; పది పడవలు పది పడవలుగానే ఉంటాయి.

అన్నిటికన్నా బలమైన మీట స్థిర ఖర్చు. ఒక పడవ అచ్చులో ఐదారు రోజులే ఉంటుంది, అంటే ఏడాదికి పది పడవలు చేసే షెడ్డులో అచ్చు ఎక్కువ రోజులు ఖాళీగా ఉంటుంది. ఆ షెడ్డులోనే చేపల బోట్ల మరమ్మతులు, ట్యాంకులు, పార్కుల జారుడుబల్లల వంటి ఫైబర్ పని తెచ్చుకుని సగం స్థిర ఖర్చును వాటి మీదికి మళ్లిస్తే, 10,20,000ను 1,80,000తో భాగించగా ఆరు పడవలకే గట్టెక్కుతారు. వినోద పడవలనే నమ్ముకుని షెడ్డు తెరవవద్దని, నడుస్తున్న ఫైబర్ షెడ్డుకు ఈ పడవను జోడించమని నేను గట్టిగా చెప్పేది ఇందుకే.

ఏడో మెట్టు: డబ్బు ఎప్పుడు వస్తుంది

పడవ, ఇంజన్ కలిసి పన్నుకు ముందు 9,26,000. 40 శాతం జీఎస్‌టీ 3,70,400 కలిపితే కొనుగోలుదారు చెల్లించేది 12,96,400. మీరు సరుకు మీద కట్టిన పన్ను మినహాయించుకోగా మిగిలినదాన్ని, కొనుగోలుదారు డబ్బు ఇచ్చినా ఇవ్వకపోయినా, బిల్లు వేసిన నెల లెక్క ప్రకారం ప్రభుత్వానికి కట్టాలి. చిన్న షెడ్లు చాలావరకు చితికిపోయేది ఇక్కడే. 9,26,000 రూపాయలు నాలుగు నెలలు ఆలస్యమైతే 12 శాతం వడ్డీ చొప్పున 37,040 పోతుంది; ఇంజన్ మీద వచ్చిన 36,000 మార్జిన్ అందులోనే కరిగిపోతుంది.

అందువల్ల ఒప్పందాన్ని మూడు వాయిదాలుగా రాయండి. ఆర్డరుతో 30 శాతం వస్తే సరుకు, ఫిట్టింగులు, కూలి గడుస్తాయి. హల్, డెక్ అతికించాక, ఇంజన్ ఆర్డరు పెట్టేముందు 40 శాతం రావాలి. నీటి మీద పరీక్ష అయ్యాక, పడవ షెడ్డు దాటేముందు మిగిలిన 30 శాతం. మీ సొంత డబ్బుతో ఇంజన్ కొని నిల్వ పెట్టకండి. ఖర్చులో అదే అతి పెద్ద ముక్క, వారంటీ గడువూ ఉంటుంది. పరీక్షలో సాధించాల్సిన వేగాన్ని ఎంత బరువుతో కొలుస్తారో ఒప్పందంలో అంకెలతో రాయాలి.

ప్రభుత్వ సంస్థలు ముందుగా డబ్బు ఇవ్వడం అరుదు. వారికి అమ్మేటప్పుడు నాలుగు నెలల వడ్డీని ధరలోనే కలపండి. చిన్న పరిశ్రమగా గుర్తింపునిచ్చే ఉద్యం రిజిస్ట్రేషన్ ముందే చేయించుకోండి. 2006 నాటి ఎంఎస్ఎంఈ అభివృద్ధి చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు 45 రోజులకు మించి డబ్బు ఆపితే రిజర్వ్ బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ చెల్లించాలి, ఇలాంటి బకాయిల తగాదాలు తీర్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేసే హక్కూ ఉంది. ఆ షరతును ప్రతి బిల్లు మీద అచ్చు వేయించండి.

ఎనిమిదో మెట్టు: వారంటీ, రెండో నమూనా

ప్రతి పడవకు వరుస సంఖ్య వేసి, దాని పొరల రిజిస్టరు, తూకం, రెజిన్ బ్యాచి సంఖ్యలను భద్రపరచండి. జెల్‌కోట్ బొబ్బలెక్కిందని రెండేళ్ల తరువాత ఫిర్యాదు వస్తే తప్పు సరుకుదా, పనిదా, వాడకందా అని తేల్చగలిగేది ఆ రిజిస్టరు ఒక్కటే. ఏటా ఒకసారి మీ పడవలు నడుస్తున్న చోటికి జట్టులో ఒకరిని పంపి, ఇంజన్ పలక బోల్టులు, అంచుల అతుకులు, ఫోమ్‌లో నీరు చేరిందా అన్నది చూడనివ్వండి. కేటాయించిన 15,000లో ఈ ప్రయాణం ఇమిడిపోతుంది, తరువాతి ఆర్డరు కూడా తరచుగా అక్కడే దొరుకుతుంది.

కొనుగోలుదారు కాస్త పెద్దది కావాలన్నాడని కొత్త అచ్చుకు పరుగెత్తకండి. పాత అచ్చు 9 లక్షలు రాబట్టిందా, కొత్త నమూనాకు కనీసం నాలుగు పడవలకు 30 శాతం బయానా చేతికి వచ్చిందా అని చూడండి. ఈ రెండూ తేలేదాకా అదే హల్ మీద సీట్ల అమరిక, కన్సోల్ స్థానం, నీడపందిరి, ఇంజన్ పరిమాణం మార్చి అమ్మవచ్చు. నింపాది చెరువులకు చిన్న ఇంజన్‌తో కూడా ఇదే పడవను ఇవ్వవచ్చు, ముందు వెనుక బరువు సరిచూసి, ఆ అమరికకు విడిగా ఆమోదం తీసుకుంటే చాలు.